నాన్న చెప్పు జారిపోతోంది, ఆయనకే తెలియడం లేదు

పాఠకుల ప్రశ్నలు, న్యూరోసర్జన్ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మునుగోడు వైపు ఒక పల్లె. మా నాన్నకు 58 ఏళ్లు, వ్యవసాయం. చిన్నప్పటి నుంచి బోరింగు నీళ్లే తాగాడు. కృష్ణా నీళ్లు వచ్చి కొన్నేళ్లే అయింది. పదేళ్లుగా ఆయన మెడ తిరగదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తాడు. మాకది అలవాటైపోయింది. ఈ ఏడాదిగా మాత్రం నడక మారింది. కాళ్లు కర్రల్లా బిగుసుకుని ఈడ్చినట్టు నడుస్తున్నాడు. నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోతుంది, నాలుగడుగులు వేశాక మేం చెబితే గానీ ఆయనకు తెలియదు. చొక్కా గుండీలు అమ్మే పెడుతోంది. మూత్రం వస్తోందంటే ఆపుకోలేకపోతున్నాడు. రెండుసార్లు పడ్డాడు. నడుముకు ఎమ్మారై తీయిస్తే డిస్కు కొంచెం జరిగిందన్నారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, గుణం లేదు. ఊళ్లో అందరూ అనే మాట ఒకటే, ఫ్లోరైడ్‌కి మందు లేదు అని. నాన్న కూడా 'కాళ్లల్ల రాళ్లు పోసినట్టుంది బిడ్డా, ఇగ ఇంతే' అంటున్నాడు. ఇది డిస్కా, ఫ్లోరైడా? ఆపరేషన్ అంటే ఈ వయసులో కత్తి వద్దంటున్నాడు. ఏం చేయమంటారు? (పేరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చెప్పు సంగతీ గుండీల సంగతీ మీరు రాయకపోయి ఉంటే నేనూ మోకాళ్ల నొప్పులనో నడుం నొప్పనో అనుకునేవాణ్ణి. ముందు చేయాల్సింది చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ వారంలోనే నాన్నగారిని న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. మెడ నుంచి నడుము దాకా వెన్ను మొత్తానికీ ఎమ్మారై, మెడకు సీటీ స్కాన్ కావాలని అడగండి. అప్పటిదాకా మెడకు మాలిష్ చేయించడం, పట్టు వదిలిస్తామనే వాళ్ల చేత మెడ విరిపించడం పనికిరావు. బండి వెనక కూర్చోబెట్టుకుని గుంతల దారిలో తీసుకెళ్లొద్దు. రాత్రి బాత్రూముకు ఎవరో ఒకరు తోడు వెళ్లండి. మెడలో నరం నొక్కుకుపోయి ఉన్న మనిషి చిన్నగా జారిపడినా కాళ్లూ చేతులూ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇక డిస్కా ఫ్లోరైడా అన్నారు. వెన్నుపాము నడుము చివరిదాకా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పెద్దవాళ్లలో అది మొదటి నడుము పూస దగ్గరే ముగుస్తుంది. ఆ కింద ఉండేవి విడివిడి నరాలు. నడుములో డిస్కు నొక్కితే కాలు మెత్తబడుతుంది, సన్నబడుతుంది, మంట కాలి కిందికి పాకుతుంది. మీ నాన్నగారి కాళ్లు మెత్తబడలేదు, బిగుసుకున్నాయి. బిగుసుకున్నాయంటే దెబ్బ పైనెక్కడో ఉంది. దానికి తోడు చేతి వేళ్లు కూడా మాట వినడం లేదంటే ఆ చోటు మెడ అయ్యే అవకాశమే ఎక్కువ. నడుము ఎమ్మారైలో డిస్కు జరగడమన్నది అరవై దగ్గర పడ్డ మనుషుల్లో నొప్పి లేనివాళ్లకూ కనిపిస్తుంది. ఆ ఫిల్ము అబద్ధం చెప్పలేదు, తీసిన చోటే వేరు.

ఇంట్లో మీరే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. నాన్నగారిని ఒక చేతి పిడికిలి బిగించి, వేళ్లు పూర్తిగా చాచి, మళ్లీ బిగించమనండి, ఎంత వేగంగా చేయగలిగితే అంత. గడియారం చూసి 10 సెకన్లలో ఎన్నిసార్లయిందో లెక్కపెట్టండి. బాగున్న మనిషి 20 సార్లు దాటిస్తాడు. వేళ్లు మధ్యలో తడబడి 10, 12 దగ్గర ఆగిపోతుంటే ఆ అంకె కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. మెడ ముందుకు వంచినప్పుడు వీపు మీదుగా కరెంటు షాకు దిగినట్టు ఉంటోందా, రాత్రి పడుకున్నప్పుడు కాళ్లు వాటంతట అవే ఎగిరిపడుతున్నాయా, ఇవి కూడా అడిగి రాసుకోండి.

ఫ్లోరైడ్ వెన్నుపామును విషంలా తినేస్తుందని ఊళ్లల్లో అంటుంటారు. అసలు జరిగేది అది కాదు. నీళ్లతో లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకలోకి చేరుతుంది. ఒంట్లో ఉన్న ఫ్లోరైడ్‌లో 99 శాతం దాకా ఎముకల్లో, పళ్లల్లోనే ఉంటుంది. అది చేరిన ఎముక మందమెక్కుతుంది, ఎక్సరేలో సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఎముక కాని చోట కూడా ఎముక పుట్టుకొస్తుంది. పూసలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే లిగమెంట్లున్నాయి, ఒకటి వెన్నుపాముకు ముందు, ఒకటి వెనక. రబ్బరులా సాగాల్సినవి రాయిలా గట్టిపడతాయి. మెడ తిరగకపోవడం అందుకే. మెడలో పూసల మధ్య గొట్టం ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో వెన్నుపాము 8 నుంచి 10 మిల్లీమీటర్లు. మిగిలిన ఆ కాస్త ఖాళీయే మనిషికి రక్ష. ముందు నుంచి కొంత, వెనక నుంచి కొంత ఎముక పెరిగిపోతే ఆ ఖాళీ పోతుంది, ఆపైన వెన్నుపామే నలుగుతుంది. ఏళ్లు పడుతుంది కాబట్టే మొదట ఎవరికీ అనుమానం రాదు. పది ఇరవై ఏళ్లు ఆ నీళ్లు తాగాక, సరిగ్గా ఇంటి బరువంతా మోసే వయసులో బయటపడుతుంది.

ఈ జబ్బు మన నేలకు కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు గురించి వైద్య పత్రికలో మొదట రాసింది 1937లో, షార్ట్ అనే డాక్టరూ ఆయనతో పనిచేసినవాళ్లూ. వాళ్లు చూసినవి దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల ఊళ్లు, అప్పట్లో అవి మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా. నల్లగొండ గురించి 1955లో సిద్దిఖీ రాశారు. తర్వాత హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు ఏళ్ల తరబడి ఈ నరాల దెబ్బ మీదే పనిచేశారు. ఎముకలకు ఫ్లోరైడ్ పట్టినవాళ్లలో సుమారు 10 శాతం మందికి నరాలు దెబ్బతింటాయన్నది ఆ రచనల నుంచే మాలాంటి వాళ్లం నేర్చుకున్నాం. ఇన్నేళ్లుగా తెలిసిన జబ్బుతో మీ నాన్నగారు ఏడాదిపాటు నడుముకు ఇంజెక్షన్లు వేయించుకుంటూ తిరిగారంటే నాకు బాధగా ఉంది.

ఆ బాధకు ఒక కారణం నాది కూడా. పీజీ చదివే రోజుల్లో ఒక మనిషి మూడు నెలల్లో మూడుసార్లు నా ఓపీకి వచ్చాడు. నలభై దాటాడేమో. పళ్లకు గార, వంగని నడుము. చూడగానే ఫ్లోరైడ్ అని రాసి, నొప్పి మాత్రలు ఇచ్చి, దీనికి మందు లేదయ్యా అని నేనే చెప్పి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకున్నాడు. అది చూశాను, అయినా మోకాలి మీద సుత్తితో కొట్టి చూడలేదు. సుత్తి నా ఎదురుగా బల్ల మీదే ఉంది. కొట్టి ఉంటే కాలు ఎగిరిపడేది, అరికాలు గీసి ఉంటే బొటనవేలు పైకి లేచేది, నరం నొక్కుకుపోతోందని అర నిమిషంలో తెలిసేది. నాలుగోసారి కొడుకు వీపు మీద వచ్చాడు. ఆపరేషన్ చేశాం. చేతులు కొంత వచ్చాయి, అన్నం తను కలుపుకోగలిగాడు. కాళ్లు రాలేదు.

అందుకే 'ఫ్లోరైడ్‌కి మందు లేదు' అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను కరిగించి తీసేసే మందు లేదు, ఆ మాట వరకు నిజం. దాంతో నలుగుతున్న వెన్నుపామును మాత్రం విడిపించవచ్చు. ఈ రెండూ ఒకటే అనుకుని ఎంతమంది మంచాన పడ్డారో ఆ ఊళ్లల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

ఆస్పత్రిలో ఏం చూస్తారంటే, ఎమ్మారైలో వెన్నుపాము ఎక్కడ నలిగింది, లోపల దెబ్బతిన్న గుర్తుగా తెల్లమచ్చ పడిందా అన్నది తెలుస్తుంది. లిగమెంట్‌లో పుట్టిన ఎముక ఎంత మందం అన్నది సీటీలోనే స్పష్టంగా కనిపిస్తుంది, అందుకే రెండూ అడగమన్నాను. వెన్ను మొత్తం తీయమనడానికి కారణం ఉంది: మెడలోనూ వీపు పూసల్లోనూ ఒకేసారి నొక్కుడు ఉండొచ్చు, మెడ ఒక్కటే చూసి ఆపరేషన్ చేస్తే కాళ్లు అలాగే ఉండిపోతాయి. ఇక ఇది ఫ్లోరైడే అని తేల్చే పరీక్ష చాలా చవకైనది, ముంజేతి ఎక్సరే. మోచేతికీ మణికట్టుకూ మధ్య రెండు ఎముకలుంటాయి కదా, వాటి నడుమ పల్చటి పొర ఉంటుంది. ఫ్లోరైడ్ పట్టిన మనిషిలో ఆ పొర కూడా ఎముకగా మారి అంచుల నుంచి తుమ్మముళ్లలా పొడుచుకొస్తుంది. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. దాంతోపాటు మూత్రంలో ఫ్లోరైడ్, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకలో మార్పులను పట్టిచ్చే ఎంజైము), కిడ్నీ పరీక్ష చేస్తారు. కిడ్నీలు మందగిస్తే ఫ్లోరైడ్ బయటికి పోదు, పైగా నొప్పి మాత్రలు ఆ కిడ్నీలనే దెబ్బతీస్తాయి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

ఆపరేషన్ సంగతి దాచకుండా చెబుతాను, ఎందుకంటే నాన్నగారికి మీరు చెప్పాలి. మెడ వెనక నుంచి తెరిచి పూసల పైకప్పు తీస్తాం, లేదా తలుపులా తెరిచి గొట్టాన్ని వెడల్పు చేస్తాం. మామూలు మనిషి ఎముక డ్రిల్లు కింద రక్తం ఓడుస్తూ తేలిగ్గా అరుగుతుంది. ఫ్లోరైడ్ ఎముక ఏనుగు దంతంలా ఉంటుంది. పక్కనుంచి నర్సు చుక్కలు చుక్కలుగా నీళ్లు పోస్తూనే ఉండాలి, లేకపోతే ఆ వేడి కింద ఉన్న నరానికి తగులుతుంది. తెల్లటి ముద్ద లేస్తూ ఉంటుంది, డ్రిల్లు మొనలు అరిగి మార్చుకోవాల్సి వస్తుంది. చివరికి గుడ్డు పెంకంత మందం మిగిలినప్పుడు డ్రిల్లు పక్కన పెట్టి చేత్తో మెల్లగా లేపుతాం. కొందరిలో ఆ ఎముక వెన్నుపాము పైపొరకు అతుక్కుని ఉంటుంది. అక్కడ తొందరపడితే పొర చిరిగి లోపలి నీరు కారుతుంది. అంతా తీశాక ఒక్క క్షణం ఆగి చూస్తాం. అప్పటిదాకా కదలిక లేకుండా చదునుగా పడి ఉన్న పాము గుండె కొట్టుకున్నప్పుడల్లా లేచి పడుతుంటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ క్షణం కోసం ఎదురు చూస్తాను.

మెడ ఆపరేషన్‌లో ఫలితం కొంత మెరుగు, వీపు పూసల దగ్గర ప్రమాదం ఎక్కువ. అక్కడ గొట్టమూ ఇరుకే, వెన్నుపాముకు రక్తం సరఫరా కూడా తక్కువే. ఆపరేషన్ మొదటి ఉద్దేశం ఉన్నది పోకుండా ఆపడం. పోయినదాంట్లో ఎంత తిరిగి వస్తుందన్నది ఎంత ముందుగా వచ్చారన్న దాని మీద ఉంటుంది. మీ నాన్నగారు ఇంకా నడుస్తున్నారు, అది ఆయన అదృష్టం. 58 ఏళ్లు ఈ ఆపరేషన్‌కు పెద్ద వయసేమీ కాదు, నేను 70 దాటినవాళ్లకూ చేశాను. కత్తి వద్దన్నది ఆయన మాట, ఆయన ఒళ్లు, కాదనలేం. కానీ ఆయన ఇప్పుడు ఎంచుకుంటున్నది కత్తికీ ఇప్పుడున్న నడకకూ మధ్య కాదు. ఏడాదిలో గుండీలు పోయాయి, చెప్పు పోయింది, మూత్రం అదుపు పోతోంది. ఇలాగే వదిలేస్తే వచ్చే ఏడాది ఏముంటుందో మంచం పక్కన కూర్చుని ఆయనకు చెప్పండి.

మరొక్కటి మర్చిపోవద్దు. ఆయన మెడ వెనక్కి వంగదు కాబట్టి మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయడం కష్టం. మత్తు డాక్టరు సన్నటి కెమెరా సాయంతో, మెడ కదపకుండా వేస్తారు. ఆ ఏర్పాటు ఉందా అని ముందే అడగండి. పంటికో కంటికో వేరే చిన్న ఆపరేషన్‌కు వెళ్లినా ఈ మెడ సంగతి అక్కడి వాళ్లకు చెప్పి తీరాలి. ఖర్చు విషయంలో ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర. మా బాబుకు 9 ఏళ్లు, ముందు పళ్ల మీద పసుపు గోధుమ రంగు చారలు వచ్చాయి. మా మామగారు నడుం వంగిపోయి చనిపోయారు. బాబుకూ వెన్నెముక అలా అవుతుందా? నీళ్లు బాగా కాచి ఇస్తున్నాను, సరిపోతుందా?

జవాబు: ముందు కాచడం ఆపండి తల్లీ. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పిల్లాడి మంచి కోసం ఇన్నాళ్లు మీరు పడ్డ శ్రమ ఇలా అయినందుకు నాకూ కష్టంగానే ఉంది.

ఆ చారలు పళ్లు చిగురులో తయారవుతున్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా లోపలికి వెళ్లిందని చెప్పే గుర్తు. అవి ఉన్నంత మాత్రాన వెన్నెముక వంగిపోతుందని కాదు. ఇప్పుడు నీళ్లు మారితే మీ బాబు మామగారిలా అవ్వాల్సిన పని లేదు. మీరు వాడే నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనిచోట 1.5 వరకు. అంతకు మించి ఉంటే తాగడానికే కాదు, వంటకూ ఆ నీళ్లు వద్దు. అన్నం, పప్పు ఉడికేటప్పుడు నీళ్లతోపాటు ఫ్లోరైడూ వాటిలోకి వెళుతుంది. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను బాగానే తీసేస్తుంది, మెంబ్రేన్ పాతబడితే తీయదు, అందుకని ఏడాదికోసారి యంత్రం నుంచి వచ్చే నీళ్లనూ పరీక్ష చేయించండి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు, ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. పాళ్లు తప్పితే పనిచేయదు, ఇంట్లో చూసి నేర్చుకున్న లెక్కతో చేయకండి.

బాబుకు పాలు, పెరుగు, రాగులు పెట్టండి. కాల్షియం తక్కువైన పిల్లల ఎముకలను ఫ్లోరైడ్ ఎక్కువగా వంకర తిప్పుతుంది. టీ అలవాటు చేయకండి, టీ ఆకులో ఫ్లోరైడ్ సహజంగానే ఎక్కువ. నల్ల ఉప్పు కూడా వద్దు. పళ్లు తోముకునేటప్పుడు పేస్టు మింగకుండా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా అదే నీళ్లు తాగి ఉంటే, వాళ్ల నడక మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి.

ప్రశ్న: ఫ్లోరైడ్ వల్ల మెడలో నరం నొక్కుకుపోయిందని ఎనిమిది నెలల కిందట ఆపరేషన్ చేశారు. చేతులు బాగయ్యాయి. కాళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. బిగువు తగ్గడానికి ఇచ్చిన బాక్లోఫెన్ మాత్ర వేసుకుంటే మగత, వేసుకోకపోతే కాళ్లు వంగవు. మానేయమంటారా?

జవాబు: మీకు మీరుగా మానొద్దు. బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. తగ్గించాలన్నా పెంచాలన్నా మెల్లమెల్లగా, మీ డాక్టరు చెప్పినట్టే. మగత పగలు ఎక్కువగా ఉంటే పగటి మాత్ర తగ్గించి రాత్రి మాత్ర ఉంచొచ్చేమో ఆయన్ను అడగండి. ఒక విషయం గమనించండి, కాళ్ల బిగువు మొత్తం పోవాలని కోరుకోకండి. బలం తగ్గిన కాళ్లకు ఆ బిగువే కొంత ఊతం, అది పూర్తిగా పోతే నిలబడ్డప్పుడు మోకాళ్లు కూలబడతాయి. రోజుకు రెండుసార్లు పిక్కలు, తొడల వెనక కండరాలు మెల్లగా సాగదీసే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయండి. మెరుగు కొందరిలో ఏడాది దాటాక కూడా వస్తుంది. బాగైన చేతులు మళ్లీ తడబడుతున్నా, మూత్రం ఆగిపోయినా, కాళ్ల బిగువు ఉన్నట్టుండి పెరిగినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి. అరికాళ్లల్లో స్పర్శ తక్కువగా ఉంటుంది కాబట్టి రోజూ రాత్రి అద్దం పెట్టుకుని పుండ్లు పడ్డాయేమో చూసుకోండి, స్నానం నీళ్ల వేడి ముందు చేత్తో చూశాకే కాళ్ల మీద పోసుకోండి.